ఏసీ చల్లబడటం లేదా? “గ్యాస్ అయిపోయింది” అనే ముందు చూసుకోవలసినవి

హైదరాబాద్‌లో ఏసీకి ఏ జబ్బు చేసినా మొదట వినిపించే మాట ఒక్కటే: “గ్యాస్ అయిపోయింది సార్.” గది చల్లబడకపోయినా గ్యాసే, గోడ మీద నీళ్లు కారినా గ్యాసే. నిజానికి ఏసీలోని గ్యాస్ బండిలో పెట్రోలులాగా తిరిగినకొద్దీ ఖర్చయ్యేది కాదు. రాగి గొట్టాల్లో మూసిపెట్టి ఉంటుంది, ఏళ్ల తరబడి వాటిలోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కన్నం పడిందని అర్థం. ఆ కన్నం ఎక్కడుందో చూపించకుండా గ్యాస్ మాత్రం నింపి వెళ్లిపోతే, మళ్లీ కొన్నాళ్లకు అదే మాట, అదే బిల్లు.

ఇళ్లలోని స్ప్లిట్ ఏసీలకు వచ్చే ఇబ్బందులు చాలావరకు దుమ్ము, నీరు, కరెంటు అనే మూడింటి దగ్గరే తేలిపోతాయి. మూడూ మీరు స్వయంగా చూసుకోగలిగినవే. ఏ వరసలో చూడాలి, ఎక్కడ చెయ్యి ఆపి మెకానిక్‌ను పిలవాలి, వచ్చిన మనిషి చేత ఏం చేయించుకోవాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు రిమోట్, కరెంటు

ఏసీ అసలు పలకకపోతే ముందు రిమోట్‌ను అనుమానించండి. ఫోను కెమెరా తెరిచి, రిమోట్ ముందు కొనను దానికి చూపించి ఏదైనా బటన్ నొక్కండి. మన కంటికి కనిపించని పరారుణ కాంతి ఫోను తెర మీద లేత ఊదారంగు చుక్కలా మినుకుమంటుంది. కొన్ని ఫోన్ల వెనుక కెమెరా ఆ కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి సెల్ఫీ కెమెరాతో చూడటం మేలు. చుక్క కనిపించకపోతే బ్యాటరీలు మార్చండి. చుక్క కనిపిస్తున్నా ఏసీ ఆన్ కాకపోతే ఇండోర్ యూనిట్ ముందు పలకను పైకెత్తి చూడండి, సాధారణంగా కుడివైపున చిన్న బటన్ ఒకటి ఉంటుంది. రిమోట్ లేనప్పుడు నడపడానికి పెట్టినదే అది. దానితో ఏసీ నడిచిందంటే దోషం రిమోట్‌దో, దాని సంకేతాన్ని అందుకునే భాగానిదో.

ఏసీ నడుస్తోంది, గాలి వస్తోంది, చల్లదనం మాత్రం లేదు అంటే రిమోట్ తెర మీద మంచురేకు గుర్తు ఉందో లేదో చూడండి. నీటిబొట్టు గుర్తు ఉంటే డ్రై మోడ్‌లో, ఫ్యాన్ గుర్తు ఉంటే ఉత్త గాలి మోడ్‌లో ఉన్నట్టు. వేసవి సెలవులకు మనవలు వచ్చిన ఇళ్లలో ఈ ఒక్కటి చూసుకుంటే చాలు, సగం సర్వీసు కాల్స్ తప్పిపోతాయి. ఆన్ చేసిన వెంటనే చల్లగాలి రాలేదని కంగారు పడకండి. కరెంటు పోయి వచ్చాక, బయటి యూనిట్‌లో ఉండి గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ సుమారు మూడు నిమిషాలు ఆగి మొదలయ్యేలా ఏసీలోనే ఏర్పాటు ఉంటుంది.

తరువాత స్విచ్ ఆపి ప్లగ్‌ను పరిశీలించండి. టన్నున్నర ఏసీ పూర్తి జోరులో నడుస్తున్నప్పుడు సుమారు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. సాకెట్‌లో పిన్ను వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి, ప్లాస్టిక్ ముందు పసుపుగా, తరువాత గోధుమరంగుగా, చివరికి నల్లగా మారుతుంది. ఆ రంగు కనిపిస్తే 16 ఆంపియర్ల సాకెట్, ప్లగ్ రెండూ మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఏసీ నడపడం ఎంతమాత్రం పనికిరాదు. ఎంసీబీ (మెయిన్ బోర్డులో దానంతటదే పడి కరెంటు ఆపే స్విచ్) పడిపోతే ఒక్కసారి లేపి చూడండి. మళ్లీ పడితే అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పదేపదే లేపడం అంటే లోపల కాలుతున్నదాన్ని ఇంకా కాల్చడమే.

రోళ్లు పగులుతాయని పేరున్న రోహిణి కార్తెలో, బస్తీ అంతా ఒకేసారి ఏసీలు వేసుకునే రాత్రివేళ, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పెరిగి వోల్టేజీ పడిపోతుంది. స్టెబిలైజర్ మాటిమాటికీ టక్కుమంటూ సరఫరా ఆపేస్తుంటే ఏసీని నిందించి లాభం లేదు. స్టెబిలైజర్ మీద కనిపించే అంకెను పగలు ఒకసారి, రాత్రి పది గంటలకు ఒకసారి రాసుకోండి. ఆ రెండు అంకెలతో 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. “కరెంటు బాగా రావడం లేదు” అనడం కన్నా అంకె చెబితే పని జరిగే అవకాశం ఎక్కువ.

చల్లదనాన్ని చేత్తో కాదు, థర్మామీటర్‌తో చూడండి

వంటింట్లో వాడే పుల్ల థర్మామీటర్, డిజిటల్‌ది, ఒకటి చాలు. ఏసీని కూల్ మోడ్‌లో అతి తక్కువ ఉష్ణోగ్రతకు పెట్టి, ఫ్యాన్ వేగం పెంచి, తలుపులు మూసి పావుగంట నడపండి. ఇండోర్ యూనిట్ పైభాగంలో గాలి లోపలికి పోయేచోట ఒకసారి, కింద చల్లగాలి బయటికి వచ్చేచోట ఒకసారి కొలవండి. రెండింటికీ తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే యంత్రం తన పని తాను చేస్తోంది, గ్యాస్ గురించి మాట్లాడవలసిన అవసరమే లేదు. వానాకాలంలో ఈ తేడా కొంచెం తగ్గడం సహజం. గాలిలోని తేమను నీరుగా మార్చడానికే ఏసీ శక్తిలో కొంత ఖర్చవుతుంది.

తేడా బాగానే ఉన్నా గది చల్లబడటం లేదంటే లోపం ఏసీలో కాదు, గదిలో ఉంది. పై అంతస్తులో రోజంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి పది దాటినా వేడి వదులుతూనే ఉంటుంది. పైగా ఏసీల సామర్థ్యాన్ని పరీక్షశాలలో కొలిచేది బయట 35 డిగ్రీలు, గదిలో 27 డిగ్రీలు ఉన్నప్పుడు. బయట 42 ఉన్న మే మధ్యాహ్నం అదే యంత్రం అంత చల్లదనం ఇవ్వలేదు. అప్పుడు 18కి పెట్టినా 24కి పెట్టినా గది చేరేది ఒకచోటికే, కాకపోతే 18 దగ్గర కంప్రెసర్‌కు విశ్రాంతి ఉండదు. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా నిబంధన ఉంది. అక్కడే ఉంచి సీలింగ్ ఫ్యాన్ కూడా నెమ్మదిగా తిప్పుకుంటే చాలామందికి సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క.

తేడా ఐదారు డిగ్రీలకు మించకపోతే కింది పనికి దిగండి.

ఇంట్లో చేసుకోగలిగిన సర్వీసింగ్

కావలసినవి: గట్టి స్టూలు, టార్చి, మెత్తని కుచ్చు ఉన్న కొత్త రెండంగుళాల పెయింట్ బ్రష్, పాత టూత్ బ్రష్, చేతితో కొట్టే స్ప్రే సీసా, పాత దుప్పటి, అర లీటరు నీళ్ల సీసా. నీళ్లు మంజీరా (కుళాయికి వచ్చే నది) నీళ్లయితే మంచిది. బోరునీళ్లు వాడితే ఆరిన తరువాత తెల్లటి ఉప్పు రేకుల మధ్య మిగిలిపోతుంది.

1. ఎంసీబీ ఆపండి. రిమోట్‌తో ఆపడం సరిపోదు, లోపలి బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది. మంచం మీద, కింద నేల మీద దుప్పటి పరవండి.

2. ముందు పలకను రెండు చివర్లా పట్టి పైకెత్తండి. ఫిల్టర్లు ఎలా కూర్చున్నాయో ఒక ఫోటో తీసుకుని, కొద్దిగా పైకి నొక్కి కిందికి లాగండి. కుళాయి కింద ఫిల్టర్‌ను తిరగేసి పట్టి, దుమ్ము పట్టని వైపు నుంచి నీళ్లు పడేలా కడగండి. దుమ్ము ఉన్న వైపు నీళ్లు పోస్తే అది జాలీలోకి ఇంకా దిగబడిపోతుంది. వేడినీళ్లు వద్దు, జాలీ వంకరపోతుంది. నీడలో ఆరనివ్వండి. నిజాంపేట, కొండాపూర్, కోకాపేట వైపు, ఎటు చూసినా భవనాలు లేస్తున్న చోట, ఫిల్టర్ మీద పట్టేది మామూలు ఇంటి నూగు కాదు, సిమెంటు పొడి. అక్కడ వేసవిలో పదిహేను రోజులకోసారి కడగాలి, మిగతావారికి నెలకోసారి చాలు.

3. ఫిల్టర్ తీసిన చోట సన్నటి అల్యూమినియం రేకులు వరుసగా కనిపిస్తాయి. అదే కూలింగ్ కాయిల్. టార్చిని అడ్డంగా పట్టి చూడండి. రేకుల మధ్య సందులు నల్లగా ఖాళీగా కనిపిస్తే శుభ్రంగా ఉన్నట్టు, బూడిదరంగు నూగు పరుపులా కప్పేసి ఉంటే గాలికి దారి లేనట్టు. పొడి పెయింట్ బ్రష్‌తో పైనుంచి కిందికి, రేకుల నిలువు దిశలోనే దువ్వండి. అడ్డంగా ఒక్క గీత గీసినా రేకులు వంగి మూసుకుపోతాయి. వాటి అంచులు బ్లేడులా ఉంటాయి కాబట్టి వేలితో తుడవబోకండి.

4. నూగు రాలిన తరువాత స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు కొట్టండి. కుడివైపు మూతపెట్టి ఉన్న భాగంలో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది కాబట్టి అటు చివర జానెడు మేర నీళ్లు కొట్టకండి. కొన్ని నమూనాల్లో బోర్డు ఎడమవైపు ఉండవచ్చు. కరెంటు తీగ ఏ వైపు నుంచి లోపలికి పోతోందో చూస్తే తెలిసిపోతుంది. అంట్ల సబ్బు, ఫినాయిల్, యాసిడ్ వంటివి కాయిల్ మీద వేయకండి. అల్యూమినియాన్ని యాసిడ్ తినేస్తుంది.

5. గాలి బయటికి వచ్చే చోట ఉన్న రెక్కను చేత్తో మెల్లగా తెరిచి టార్చి వేయండి. లోపల పొడవాటి డ్రమ్ములాంటి బ్లోయర్ కనిపిస్తుంది. దాని సన్నటి రెక్కల గుంటల్లో నల్లటి జిడ్డు పేరుకుని ఉంటే గాలి సగానికి పడిపోతుంది, గది నిండా ముక్కవాసన కూడా దాని నుంచే. టూత్ బ్రష్‌తో అందినంతవరకు గీకవచ్చు. కానీ మనసులో మాట చెప్పాలంటే బ్లోయర్ పూర్తిగా శుభ్రం కావాలంటే నీటి పంపుతో కడిగే జెట్ సర్వీసింగ్ చేయించక తప్పదు. ఇంట్లో సగం కెలికి వదిలేస్తే నల్లటి పెళ్లలు నాలుగు రోజులపాటు మంచం మీద రాలుతూనే ఉంటాయి.

6. చివరగా డ్రెయిన్ పరీక్ష. అర లీటరు నీళ్లను బోర్డుకు దూరంగా ఉన్న వైపు కాయిల్ మీద మెల్లగా, ధారగా పోయండి. ఇంట్లో ఒకరిని బయట డ్రెయిన్ పైపు చివర నిలబెట్టండి. నిమిషంలోపే నీళ్లు ధార కట్టి రావాలి. చుక్కచుక్కగా వస్తే పైపు సగం పూడిందని అర్థం.

అన్నీ బిగించి, ఎంసీబీ వేసి, అరగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపి ఆరనివ్వండి. తరువాత థర్మామీటర్ పరీక్ష మళ్లీ చేయండి.

నీళ్లు కారుతుంటే

ఈ ఊరి ఏసీల గురించి తెలుసుకోదగ్గ సంగతి ఒకటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే ఏసీ రోజంతా నడిచినా డ్రెయిన్ పైపు నుంచి వచ్చే నీళ్లు కొద్దిగానే. మృగశిర కార్తె వచ్చి, నాంపల్లిలో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరే రోజులు దాటి, రుతుపవనాలు తాకగానే గాలిలో తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు టన్నున్నర ఏసీ గంటకు లీటరు పైగా నీళ్లు తీయగలదు. వేసవి అంతా ఎండి గట్టిపడిన దుమ్ము, కాయిల్ కింద నీళ్లు పట్టే డ్రెయిన్ ట్రేలో తడిసి బురదవుతుంది, బురద పైపు మొదట్లో అడ్డుపడుతుంది, నీళ్లు గోడ మీదికి దిగుతాయి. అందుకే మేలో బ్రహ్మాండంగా నడిచిన ఏసీ బోనాల వేళకు కారడం మొదలుపెడుతుంది. చెడిపోయింది ఏసీ కాదు, మారింది కాలం. జూన్ మొదటి వారంలో పైన చెప్పిన అర లీటరు పరీక్ష చేసుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

కారుతున్న నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో జాగ్రత్తగా చూడండి. ముందుభాగం నుంచి, చల్లగాలి వచ్చే సందు నుంచి బొట్లు పడుతుంటే ట్రే నిండి పొర్లుతోంది. యూనిట్ వెనుక గోడ మీద మాత్రమే తడి గీత దిగుతుంటే ట్రే కాకపోవచ్చు. రాగి గొట్టాల మీది నల్లటి స్పాంజి తొడుగు చిరిగి, చల్లటి గొట్టానికి గాలి తగిలి చెమ్మగిల్లి కారుతూ ఉంటుంది. దానికి కొత్త తొడుగు వేసి టేపు చుడితే సరి.

ట్రే పొర్లుతుంటే పైపు బయటి చివరకు వెళ్లండి. ఆ చివర బకెట్ నీళ్లలో మునిగి ఉందా? బకెట్ పెట్టి నీళ్లు పట్టుకునే ఇళ్లలో ఇది తరచూ జరిగేదే. కొన మునిగితే లోపలి గాలి బయటికి పోలేక నీళ్లు వెనక్కి తంతాయి. పైపు మధ్యలో ఎక్కడైనా కిందికి వేలాడి మళ్లీ పైకి లేచిందా? ఆ వంపులో బురద నిలుస్తుంది. పైపు మొదటి నుంచి చివరి వరకు వాలుగానే ఉండాలి. ఇవేవీ కాకపోతే అడ్డు తొలగించాలి. లోపలి నుంచి ఊదడం కన్నా బయటి చివర నుంచి పీల్చడం మంచిది. తడి చెత్తను కూడా లాగగలిగే వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని గొట్టాన్ని డ్రెయిన్ పైపుకు గుడ్డతో బిగించి ఒక నిమిషం నడపండి. జిగట నల్ల బురద ముద్ద ఊడి వస్తుంది. ఊదితే ఆ ముద్ద ట్రేలోకే వెనక్కి పోయి, రెండు రోజుల్లో మళ్లీ దిగివస్తుంది.

పైపు శుభ్రంగా ఉన్నా కారుతుంటే ఇండోర్ యూనిట్ వాలు చూడండి. ఫోనులో మట్టం చూపించే సదుపాయం ఉంటే దాన్ని యూనిట్ కింది అంచుకు ఆనించి చూడవచ్చు. డ్రెయిన్ పైపు ఉన్న వైపుకు రవ్వంత వాలు ఉండాలి. రెండో వైపుకు వాలితే గోడ పలకను సరిచేయడం తప్ప మార్గం లేదు. అది ఇద్దరు మనుషుల పని, రాగి గొట్టాలు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి మెకానిక్‌కు వదిలేయండి.

ఈ నీళ్లను మొక్కలకు పోయవచ్చు, ఇల్లు తుడవవచ్చు. గాలిలోని తేమే కాబట్టి లవణాలు లేవని కొందరు ఇన్వర్టర్ బ్యాటరీలో పోస్తారు. కాయిల్ మీది దుమ్ము, లోహపు రజను అందులో కలిసే ఉంటాయి, బ్యాటరీకి మంచిది కాదు. తాగడానికి ఎంతమాత్రం పనికిరావు.

కాయిల్ మీద మంచు కడితే

వెంటనే కూల్ మోడ్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో నడపండి, గంటా రెండు గంటల్లో కరుగుతుంది. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో చెక్కబోయి కాయిల్‌కు కన్నం పెట్టుకున్నవారు ఉన్నారు. అప్పుడు నిజంగానే గ్యాస్ అంతా పోతుంది.

మంచు కరిగే ముందు ఒక ఫోటో తీయండి. ఎందుకంటే అది ఎలా కట్టిందన్నదే అసలు సాక్ష్యం. కాయిల్ అంతా సమంగా తెల్లబడితే గాలి చాలడం లేదు: ఫిల్టర్ మురికి, కాయిల్ నూగు, బ్లోయర్ జిడ్డు లేదా బ్లోయర్ మోటారు మందగించడం. కాయిల్‌లో ఒక మూల మాత్రమే మంచు కట్టి మిగతా భాగం పొడిగా ఉంటే గ్యాస్ తగ్గిందన్న అనుమానానికి ఆధారం ఉంది. బయటి యూనిట్ దగ్గర సన్న గొట్టం మంచు పట్టి, లావు గొట్టం గోరువెచ్చగా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. ఆ ఫోటో మెకానిక్‌కు చూపిస్తే సంభాషణ తీరే మారిపోతుంది.

వాసనలు, చప్పుళ్లు

ఆన్ చేసిన మొదటి నిమిషం తడిసిన గుడ్డల వాసన వచ్చి తగ్గిపోతే కాయిల్ మీద, బ్లోయర్ మీద బూజు. శుభ్రం చేయించి, ఇక మీదట ఏసీ ఆపే ముందు పావుగంట ఫ్యాన్ మోడ్‌లో నడపండి. మురుగు వాసన వస్తే డ్రెయిన్ పైపు ఎక్కడికి కలిపారో చూడండి. చాలా అపార్టుమెంట్లలో దాన్ని బాత్రూం మురుగు గొట్టంలోకి నేరుగా కలిపేస్తారు. మధ్యలో నీళ్లు నిలిచే వంపు లేకపోతే, ఏసీ ఫ్యాన్ ఆ గొట్టంలోని గాలిని పీల్చి పడకగదిలో చల్లుతుంది. పైపును విడదీసి బాల్కనీలోకి వదిలితే ఆ రోజుతో పీడ విరగడ. కాలిన వాసన వస్తే మాత్రం పరిశోధనలు పెట్టుకోకండి, ఎంసీబీ ఆపేయండి.

కరెంటు బోర్డు మీద బల్లి చేరి కాలిపోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. గోడలో గొట్టాలు పోయే రంధ్రం చుట్టూ ఖాళీ ఉంటే అదే వాటికి రహదారి. పుట్టీతో మూయించండి. ఖర్చు తక్కువ, బోర్డు ధర ఎక్కువ.

చప్పుడు విషయానికి వస్తే, ఆన్ చేసినప్పుడూ ఆపినప్పుడూ వినిపించే చిటచిట ప్లాస్టిక్ వ్యాకోచించడం వల్ల, పట్టించుకోనక్కరలేదు. గీరుతున్న చప్పుడు నిలకడగా వస్తే బ్లోయర్ దేనికో తగులుతోంది, ఆపి చూపించుకోండి.

బయటి యూనిట్

లోపల ఎంత శుభ్రం చేసినా బయటి యూనిట్ ఊపిరాడకపోతే ఫలితం సున్నా. హైదరాబాద్‌లో దీనికి మొదటి శత్రువు పావురం. యూనిట్ వెనుక గోడకూ కాయిల్‌కూ మధ్య ఉన్న బెత్తెడు జాగాలో గూడు కడుతుంది, పుల్లలు, ఈకలు, రెట్ట కలిసి రేకులను మూసేస్తాయి. బాల్కనీలో నిలబడి చేయి అందితే, ఎంసీబీ ఆపి, మాస్కు కట్టుకుని, ముందు నీళ్లు చిలకరించి తడిపి తీయండి. ఎండిన రెట్ట పొడి పీల్చడం ఊపిరితిత్తులకు మంచిది కాదు. గుడ్లో పిల్లలో ఉంటే కొన్ని వారాలు ఓపిక పట్టండి, అవి ఎగిరిపోయాక వల కట్టించవచ్చు. ఆ వల యూనిట్‌కు అంటుకుని కాకుండా ఎడంగా ఉండాలి, లేకపోతే దుమ్ము పట్టి అదే అడ్డుగోడ అవుతుంది.

యూనిట్ సజ్జ మీదో, డక్ట్‌లో ఇనుప బ్రాకెట్ మీదో ఉంటే మీరు వంగి చూడకండి. వచ్చిన మెకానిక్‌నూ తాడు, బెల్టు లేకుండా దిగనివ్వకండి. “అలవాటే సార్” అంటాడు. అయినా సరే, వద్దనండి.

బయటి యూనిట్ మూత విప్పే పని మీది కాదు. కరెంటు ఆపిన తరువాత కూడా కెపాసిటర్‌లో (విద్యుత్తును నిల్వ ఉంచే చిన్న భాగం) విద్యుత్తు నిలిచి ఉండి గట్టి షాకు కొడుతుంది. లోపల ఫ్యాన్ తిరుగుతున్నా బయట కంప్రెసర్ హుం అని మూలిగి ఆగిపోతుంటే పాతరకం ఏసీల్లో అది చాలాసార్లు కెపాసిటర్ నీరసించిన లక్షణం. చవకైన భాగం, పావుగంట పని. అయితే ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్‌ను ఎలక్ట్రానిక్ బోర్డే నడుపుతుంది, దానికి ఆ పాతరకం కెపాసిటర్ ఉండదు. ఇన్వర్టర్ ఏసీకి “కంప్రెసర్ కెపాసిటర్ మార్చాలి” అన్న మనిషి చేత పని చేయించకపోవడమే క్షేమం.

మెకానిక్ వచ్చాక

ఉగాదికి ముందే పిలిపించుకోండి. ఏప్రిల్ దాటితే వాళ్లకు తీరిక ఉండదు, ఒక్కో ఇంట్లో ఇరవై నిమిషాలకు మించి నిలవరు. జెట్ సర్వీసింగ్ సక్రమంగా చేయాలంటే గంట దాకా పడుతుంది. ఇండోర్ యూనిట్ కింద ప్లాస్టిక్ సంచి కట్టాలి, బోర్డు మీద కవరు కప్పాలి, కాయిల్‌తోపాటు బ్లోయర్‌ను కూడా చేత్తో తిప్పుతూ కడగాలి. సంచిలోంచి బకెట్‌లో పడే నీళ్లు చూడండి. మొదటి బకెట్ తారులా నల్లగా ఉంటుంది, రెండోది బూడిదరంగు, ఆ తరువాత తేట నీళ్లు రావాలి. రెండో బకెట్ దగ్గరే పంపు చుట్టేస్తుంటే “ఇంకొక్కసారి కొట్టు తమ్ముడూ” అని అడగండి. మీరు డబ్బు ఇచ్చేది తేట నీళ్లకే.

ఇక గ్యాస్. అతడు వచ్చీరాగానే బయటి యూనిట్‌కు మీటరు తగిలించి “ప్రెజర్ తక్కువుంది” అంటే, ముందు కడిగిన తరువాత కొలవమనండి. ఇదేమీ మొండితనం కాదు. కాయిల్ దుమ్ముతో మూసుకుపోయినప్పుడు గది వేడి గ్యాస్‌కు అందదు, అందుకని గ్యాస్ సరిపడా ఉన్నా మీటరు తక్కువే చూపిస్తుంది. ఆ అంకె చూసి గ్యాస్ నింపి, తరువాత కాయిల్ కడిగితే గ్యాస్ మోతాదు మించిపోయి కంప్రెసర్ మీద భారం పడుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తేవడమంటే ఇదే.

కడిగిన తరువాత కూడా మీ థర్మామీటర్ తేడా పెరగకపోతే, మంచు ఫోటో కూడా అదే చెబుతుంటే, అప్పుడు లీకు వెతికించండి. గొట్టాలు కలిసే ఇత్తడి నట్ల దగ్గర సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి. అక్కడ జిడ్డు మరక ఉన్నా అనుమానించాలి, ఎందుకంటే గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా కొంత బయటికి వస్తుంది. నట్ల దగ్గర దొరకకపోతే నైట్రోజన్ నింపి కాయిల్ పరీక్షించాలి. మూసీ ఒడ్డున, నాలాల పక్కన ఉండేవారికి, అంబర్‌పేట, నాగోలు, చాదర్‌ఘాట్ వైపు, ఇది మరీ ముఖ్యం. మురుగు నుంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లబరిచి మెల్లగా తినేస్తుంది. అలాంటిచోట కొత్త కాయిల్ వేయించేటప్పుడు పైపూత ఉన్నది అడగడం మంచిది.

లీకు మూసిన తరువాత వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని, తేమను పూర్తిగా లాగాలి. కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ తరువాత గ్యాస్‌ను కాటా మీద తూచి నింపాలి. ఎంత నింపాలో అతడు గుర్తుపెట్టుకోనక్కరలేదు, మీరు ఊహించనక్కరలేదు, బయటి యూనిట్ పక్కన అంటించిన కాగితం మీద గ్యాస్ పేరు, బరువు అచ్చువేసి ఉంటాయి. ఆర్-22, ఆర్-410ఏ, ఆర్-32, ఆర్-290: ఇవి ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు. ఇటీవలి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది, ఆర్-290 అంటే ప్రొపేనే. గొట్టం అతికే మంట వెలిగించే ముందు లోపలి గ్యాస్ పూర్తిగా తీసేయాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. ఆర్-290 ఉన్న ఏసీకి కంపెనీ మనిషిని తప్ప వేరేవారిని పిలవకండి.

బిల్లు మీద గ్యాస్ పేరు, నింపిన గ్రాములు, లీకు దొరికిన చోటు రాయించుకోండి. నాలుగు నెలల్లో మళ్లీ అదే సమస్య వస్తే ఆ కాగితం పట్టుకుని అడగవచ్చు. విప్పిన పాత భాగాన్ని తీసుకెళ్లనివ్వకండి, కనీసం ఫోటో తీసుకోండి. చిన్న చిన్న భాగాలు, కెపాసిటర్లు, రిమోట్లు, స్వింగ్ మోటార్లు కావాలంటే కోఠిలోని గుజరాతీ గల్లీలో ధర కనుక్కుని చూడండి, మీకు చెప్పిన రేటు సబబో కాదో తెలుస్తుంది.

మీది పాత ఆర్-22 ఏసీ అయి, కాయిల్ లీకయిందని తేలితే ఖర్చు పెట్టే ముందు ఆలోచించండి. ఆ గ్యాస్‌తో కొత్త ఏసీలు తయారు చేయడాన్ని మన దేశంలో 2025 జనవరి 1 నుంచి ఆపేశారు. పాతవాటి సర్వీసింగ్‌కు ఇంకా దొరుకుతుంది గానీ రానురాను అరుదవుతుంది. కాయిల్ ధర, గ్యాస్, కూలీ కలిపి కొత్త ఏసీ ధరలో మూడో వంతు దాటుతుంటే పాతదాన్ని వదిలించుకోమనే చెబుతాను. ఇచ్చేసే ముందు అందులో మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి తీయమనండి. గొట్టం కోసి గాలిలోకి వదిలేయడం సులువు గానీ, ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీసే వాయువు.